‘అంట’ అనే చిన్న మాట

నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుంది అని మా అవ్వ ఎప్పుడూ అంటూ ఉంటుంది. చిన్నప్పటి నుంచి వింటున్నా, ఆ సామెతకు నాకు తెలిసిన అర్థం ఒక్కటే: అందరితో మర్యాదగా మాట్లాడాలి, ఎవరినీ తిట్టకూడదు. ఈ ఏడు మా వీధిలో జరిగిన రెండు సంగతుల వల్ల దానికి ఇంకో అర్థం కూడా ఉందని తెలిసింది. నేను ఎవరినీ తిట్టలేదు. పైగా అందరి మేలు కోరి ‘జాగ్రత్త’ అని చెప్పాను. అయినా నా నోరు మంచిది కాలేదు. అదెలా జరిగిందో చెప్పి, తోటివాళ్ళకు జాగ్రత్త చెప్పడం ఎప్పుడు ధర్మం, ఎప్పుడు తప్పు అనే ప్రశ్నకు నాకు తోచిన జవాబు రాస్తాను.

మేముండేది హోసూరు పొలిమేరలో. అవ్వ కాపురానికి వచ్చిన కొత్తలో ఇక్కడంతా రాగి చేలేనంట. ఇప్పుడు లేఅవుట్లు. సిప్కాట్ ఫ్యాక్టరీలలో పనికి ఎక్కడెక్కడి నుంచో వచ్చినవాళ్ళు మా వీధిలో అద్దెకు ఉంటారు. మొత్తం 42 ఇళ్ళు. తెలుగు, తమిళం, కన్నడం, ఉర్దూ, హిందీ, ఒడియా అన్నీ వినిపిస్తాయి. వీధి సంగతులు చెప్పుకోవడానికి ఫోన్లో ఒక గ్రూపు ఉంది. నీళ్ళు ఎప్పుడు వస్తాయి, కరెంటు ఎందుకు పోయింది, కుక్క ఎవరిని కరిచింది, చెత్త బండి వచ్చిందా లేదా, అన్నీ అందులోనే. అమ్మకు టైపు చేయడం రాదు కాబట్టి మా ఇంటి తరఫున నేనే చూస్తుంటాను.

మొదటి సంగతి మోరి బండ గురించి. వీధి మలుపులో మోరి మీద పరిచిన బండ ఒకటి, నీళ్ళ ట్యాంకరు చక్రం ఎక్కి రెండు ముక్కలైంది. ఒక ముక్క లోపల పడింది. రెండడుగుల వెడల్పు సందు ఏర్పడింది. లోతు నా నడుము దాకా ఉంటుంది. స్కూలు నుంచి వస్తూ చూసి ఫోటో తీసి గ్రూపులో పెట్టాను. ‘మలుపు దగ్గర బండ విరిగింది, జాగ్రత్త’ అని రాశాను. 31 మంది బొటనవేలి గుర్తు పెట్టారు. ఒకాయన ‘మంచి పని చేశావు పాపా’ అని కూడా రాశాడు. నాకు చాలా సంతోషం వేసింది. నా బాధ్యత తీరిపోయిందనుకున్నాను. ఆ తర్వాత పన్నెండు రోజులు ఆ సందును దాటుకునే స్కూలుకు వెళ్ళాను, వచ్చాను. వీధిలో అందరూ అలాగే దాటుకుని పోయారు.

రెండో సంగతి ఆ పన్నెండు రోజుల మధ్యలోనే జరిగింది. ఒక సాయంత్రం ఎవరో గ్రూపులో ఒక మనిషి ఫోటో పెట్టారు. భుజాన గోనెసంచి, తలకు తువ్వాలు, ఒక ఇంటి గేటు దగ్గర నిలబడి లోపలికి చూస్తున్నాడు. ‘ఇతను ఎవరో తెలుసా? గంట నుంచి తిరుగుతున్నాడు’ అని కింద రాసి ఉంది. అంతే రాసి ఉంది. నేను ఆ ఫోటోను మా తరగతి స్నేహితుల గ్రూపుకు పంపాను. పంపేటప్పుడు నా సొంతంగా ఒక వాక్యం చేర్చాను: ‘పిల్లల్ని ఎత్తుకుపోయేవాడంట, జాగ్రత్త.’

ఎవరూ నాకు అలా చెప్పలేదు. ఎందుకు చేర్చానని తర్వాత చాలాసార్లు నన్ను నేను అడుక్కున్నాను. నిజం చెప్పాలంటే, ఊరికే ‘ఇతను ఎవరో’ అని పంపితే ఎవరూ పట్టించుకోరు. ‘ఎత్తుకుపోయేవాడంట’ అంటే వెంటనే అందరూ మాట్లాడతారు. అప్పుడు నేను ముఖ్యమైనదాన్ని అవుతాను. అదే కారణం.

మర్నాడు సాయంత్రం పక్క వీధిలో కొందరు అన్నలు అతన్ని ఆపారు. నేను ట్యూషన్ నుంచి వస్తూ గుంపును చూసి ఆగాను. సంచి లాక్కుని రోడ్డు మీద దిమ్మరించారు. అందులో ఉన్నవి వెంట్రుకలు. ఆడవాళ్ళు తల దువ్వుకున్నాక ఉండలు చుట్టి దాచిపెట్టే వెంట్రుకలు. వాటికి బదులు ఇవ్వడానికి తెచ్చిన స్టీలు గిన్నెలు, పిన్నీసులు, పిల్లలకు బుడగలు. ఒకతను చెంప మీద కొట్టాడు. ఫోను లాక్కుని చూసి కింద పడేశారు, అద్దం పగిలిపోయింది. ఆ మనిషి రెండు చేతులూ జోడించి ‘అయ్యా, నేను దొంగను కానయ్యా, ఎంటికలు కొనుక్కునేవాణ్ణయ్యా’ అని తెలుగులో ఏడ్చాడు. చివరికి అంగడి అక్క అరుచుకుంటూ పరుగెత్తి వచ్చి, ఈయన ఏళ్ళుగా ఇక్కడికి వస్తున్నాడు, నాకు తెలుసు అని తమిళంలో గట్టిగా చెప్పాక వదిలారు. గేట్ల దగ్గర నిలబడి లోపలికి చూడటమే ఆయన పని. ఇంట్లో ఆడవాళ్ళను పిలవాలి కదా మరి.

ఇంటికి వచ్చి అవ్వకు చెప్పాను. నేను రాసిన వాక్యం గురించి మాత్రం చెప్పలేదు. అవ్వ తల పట్టుకుంది. ‘ఆ అబ్బి ఆరేండ్లుగా వస్తా ఉండాడు కదే. మనింట్లో ఈ గిన్నె ఆయన ఇచ్చిందే. పిల్లోళ్ళని ఎత్తకపోతాడని ఎవురు చెప్పినారు?’ అని అడిగింది. ‘ఎవరో అన్నారంట అవ్వా’ అన్నాను. ఆ మాట నా నోటి నుంచి రాగానే నా మీద నాకే అసహ్యం వేసింది. ఎందుకంటే ఆ ‘ఎవరో’ నేనే కావచ్చు. ఆ అన్నలలో ఒకతను మా తరగతి అమ్మాయి వాళ్ళ అన్న.

మన తెలుగులో ‘అంట’ అనేది చాలా చిన్న మాట. ఏ వాక్యం చివరైనా తగిలించవచ్చు. వర్షం వస్తుందంట, పరీక్షలు వాయిదా పడ్డాయంట. విన్నదాన్ని విన్నట్టుగా, ‘నేను చూడలేదు సుమా’ అని ఒప్పుకుంటూ చెప్పడానికి పుట్టిన మాట అది. కానీ మనం దాన్ని వేరేలా వాడుతున్నాం. ‘దొంగ’ అంటే రుజువు అడుగుతారు. ‘దొంగంట’ అంటే ఎవరూ అడగరు. వినేవాళ్ళకు మాత్రం రెండూ ఒకేలా వినిపిస్తాయి. నలుగురి నోళ్ళు దాటేసరికి ‘అంట’ రాలిపోతుంది, ‘దొంగ’ మిగులుతుంది. మహాభారతంలో ధర్మరాజు అశ్వత్థామ చనిపోయాడని గట్టిగా చెప్పి, ఏనుగు అన్న మాటను ద్రోణుడికి వినపడకుండా మెల్లగా అన్నాడని చదువుకున్నాం. మెల్లగా అన్న మాట ఆయన్ను కాపాడలేదు. మనం కూడా ‘దొంగ’ను గట్టిగా అని ‘అంట’ను మెల్లగా అంటున్నాం.

ఇది ఒక్క మా వీధి సంగతి కాదని మా సాంఘిక శాస్త్రం టీచరమ్మ చెప్పారు. 2018లో పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయని దేశమంతా ఫోన్లలో పుకార్లు పాకాయి. ఆ మే నెలలో మన రాష్ట్రంలోనే, తిరువణ్ణామలై జిల్లాలో, కులదేవత గుడికని చెన్నై నుంచి వచ్చిన ఒక కుటుంబం దారిలో పిల్లలకు చాక్లెట్లు ఇచ్చింది. అది చూసి అనుమానపడి జనం వాళ్ళను కొట్టారు. 65 ఏళ్ళ పెద్దావిడ చనిపోయింది. జులై 1న మహారాష్ట్రలో ధూలే జిల్లా రాయిన్‌పాడా గ్రామంలో, ఊరూరా తిరిగి భిక్షతో బతికే నాథపంథీ డవరీ గోసావి జాతి వాళ్ళు ఐదుగురిని ఇదే అనుమానంతో కొట్టి చంపారు. అదే నెలలో వాట్సాప్ మన దేశంలో ఒక సందేశాన్ని ఒకేసారి ఐదు చోట్లకు మించి పంపకుండా కట్టడి పెట్టింది. గుంపులు చట్టాన్ని చేతిలోకి తీసుకోకుండా ఏం చేయాలో సుప్రీంకోర్టు ప్రభుత్వాలకు ఆదేశాలిచ్చింది. ఆ పుకార్లు మొదట పంపినవాళ్ళలో కూడా చాలామంది నాలాగే ‘అందరి మేలు కోసమే’ అనుకుని ఉంటారు.

ఇక మోరి సంగతి. పన్నెండో రోజు రాత్రి వాన పడింది. మలుపులో వీధి దీపం వెలగలేదు. నీళ్ళు నిండి సందు కనిపించలేదు. మా వీధి చివర ఉండే పూలక్క తెల్లవారుజామున నాలుగింటికి పూల మార్కెట్‌కు బయలుదేరి అందులో పడింది. కుడి మణికట్టు ఎముక విరిగింది. పూలు కట్టి బతికే మనిషికి కుడి చేయి కదలకపోతే ఏముంది? ఆమెకు నా హెచ్చరిక ఎందుకు చేరలేదో తెలుసా? ఆమె దగ్గర ఉన్నది మాటలకు మాత్రమే పనికివచ్చే చిన్న ఫోను. గ్రూపులో ఆమె లేదు. అందరికంటే ముందు, చీకట్లో ఆ దారిన నడిచే మనిషికే నా ‘జాగ్రత్త’ చేరలేదు.

ఆ ఉదయమే నాయిన ఒక వేపకొమ్మ నరికి తెచ్చి, దానికి ఎర్రగుడ్డ కట్టి ఆ సందులో నిలబెట్టాడు. పది నిమిషాల పని. మా తాత కాలంలో రోడ్డు మీద గుంత పడితే మొదట చూసినవాడు చేసే పని అదే అన్నాడు. ఆ కొమ్మకు ఏ భాషా అక్కర్లేదు. తమిళం వాళ్ళకూ ఒడియా వాళ్ళకూ, చదువు వచ్చినవాళ్ళకూ రానివాళ్ళకూ ఒకేలా చెబుతుంది. ఆ తర్వాత నేను తమిళంలో అర్జీ రాశాను, నాయిన, ఇంకో ఇద్దరు సంతకం పెట్టారు, వార్డు ఆఫీసులో ఇచ్చి వచ్చాం. ‘ఇంతవరకు మాకు ఎవరూ చెప్పలేదే’ అన్నాడు అక్కడి ఉద్యోగి. నాలుగో రోజుకు కొత్త బండ వేశారు, దీపమూ వెలిగింది. 31 బొటనవేళ్ళు చేయలేని పని ఒక కాగితం చేసింది.

ఈ రెండు సంగతులనూ పక్కపక్కన పెట్టి చూస్తే నాకు సిగ్గుగా ఉంది. నిజమైన ప్రమాదం దగ్గర నేను ఫోటోతో ఆగిపోయాను. లేని ప్రమాదం దగ్గర చూసినదానికంటే ఎక్కువ చెప్పాను. మోరికి కోపం రాదు, దాన్ని పట్టుకుంటే ఎవరూ మనల్ని మెచ్చుకోరు, పైగా చేతికి మట్టి అంటుతుంది. మనిషిని అనుమానించడానికి ఏ కష్టమూ లేదు. బహుశా అందుకే మన వీధుల్లో గుంతలు అలాగే ఉంటాయి, అనుమానాలు మాత్రం వెంటనే పరుగెత్తుతాయి.

నా స్నేహితురాలితో ఇదంతా చెబితే ఆమె ఒక మంచి ప్రశ్న వేసింది. ‘నిజంగానే అతను పిల్లల్ని ఎత్తుకుపోయేవాడై ఉంటే? నువ్వు రుజువు కోసం చూస్తూ కూర్చుంటే, ఈలోగా ఒక బిడ్డ పోతే? నిప్పు లేనిదే పొగ రాదు కదా’ అంది. నేను రెండు రోజులు ఆలోచించాను. నాకు తోచింది ఇది. ప్రమాదాలు రెండు రకాలు. ఒకటి వస్తువు వల్ల వచ్చేది: విరిగిన బండ, తెగిన కరెంటు తీగ, ఒరిగిన గోడ. వీటి గురించి తొందరపడి చెప్పినా, మన మాట తప్పని తేలినా నష్టం లేదు. తీగలో కరెంటు లేదని తర్వాత తెలిస్తే తీగకేమీ అవమానం కాదు. కాబట్టి అనుమానం ఉన్నా వెంటనే, అందరికీ, గట్టిగా చెప్పాలి. రెండోది మనిషి గురించి చెప్పేది. అక్కడ మన మాట తప్పైతే దాని ఖరీదు మనం కట్టం, ఆ మనిషి కడతాడు. అలాగని నోరు మూసుకుని కూర్చోమని కాదు. అనుమానం ఉంటే 112కు ఫోన్ చేయవచ్చు, పిల్లల సంగతైతే 1098 ఉంది. అక్కడ చెప్పేవాడికి పేరు ఉంటుంది, వినేవాడికి బాధ్యత ఉంటుంది. వచ్చి విచారించి, తప్పైతే వదిలేస్తారు. గుంపుకు చెబితే విచారించేవాడు ఎవడూ ఉండడు, కొట్టేవాళ్ళే ఉంటారు. నిప్పు లేకుండా పొగ రాదేమో గానీ, ఫోన్లో పొగ రావడానికి నా నాలుగు మాటలు చాలాయి.

ఈ తేడా కొత్తదేమీ కాదు. కౌటిల్యుడి అర్థశాస్త్రంలో నగర పాలన గురించిన అధ్యాయం ఉంది. అందులో పది, ఇరవై లేదా నలభై కుటుంబాలకు ఒక గోపుడు అనే ఉద్యోగి ఉంటాడు. ఇంచుమించు మా వీధంతటికి ఒకడన్నమాట. ఇంటికి వచ్చిన, ఇంటి నుంచి వెళ్ళిన మనుషుల సంగతి ఇంటి యజమాని అధికారులకు తెలపాలి. అంటే కొత్తవాళ్ళ గురించిన జాగ్రత్త అప్పుడూ ఉంది. కానీ చెప్పాల్సింది జవాబుదారీ ఉన్న ఉద్యోగికి. వీధిలో మట్టి, చెత్త పోసేవాడికి పణంలో ఎనిమిదో వంతు, బురద నీళ్ళతో దారి అడ్డుకునేవాడికి నాలుగో వంతు జరిమానా. అన్నిటికంటే నాకు నచ్చింది ఇంకొకటి. ఎక్కడైనా ఇల్లు అంటుకుంటే ఆర్పడానికి పరుగెత్తని ఇంటి యజమానికి 12 పణాలు, అద్దెకు ఉన్నవాడికి 6 పణాలు జరిమానా. ‘నాది అద్దె ఇల్లు, నాకెందుకు’ అనేవాడికి సగం తగ్గించాడు గానీ పూర్తిగా వదిలేయలేదు. ఇల్లు అంటుకుందని అరిచినవాడికి మినహాయింపు అని కూడా రాయలేదు. పరుగెత్తాలి, అంతే.

ఆనాటి చట్టాలన్నీ మంచివని నేను అనడం లేదు. మన రాజ్యాంగంలో కూడా 1976లో చేర్చిన 51ఎ అధికరణం పౌరుల బాధ్యతలు చెబుతుంది. ప్రజల ఆస్తిని కాపాడాలి, హింసను విడిచిపెట్టాలి అని రెండూ ఒకే వాక్యంలో ఉన్నాయి. మోరి బండ ప్రజల ఆస్తి. వెంట్రుకలాయన చెంప మీద పడిన దెబ్బ హింస. ఒక్క వారంలో నేను ఆ వాక్యంలోని రెండు భాగాలనూ తప్పాను.

ఇంకో మాట కూడా ఒప్పుకోవాలి. ఆయన తెలుగులో ఏడవడం వల్ల నా గుండె ఎక్కువ కదిలింది. అదే హిందీలోనో ఒడియాలోనో ఏడ్చి ఉంటే అంత బాధపడేదాన్నా? తెలియదు, భయంగా ఉంది. ఈ ఊళ్ళో తెలుగు చదువుకునే మనం కొద్దిమందిమి. రేపు నేను పై చదువులకు ఎక్కడికో వెళితే, అక్కడి భాష రానప్పుడు నేనూ ఒక గేటు దగ్గర నిలబడి ఎవరినో పిలవాల్సి వస్తుంది. అప్పుడు ఎవరో నా ఫోటో తీసి ‘అంట’ తగిలిస్తే? పరాయివాళ్ళ గురించి మన భాషలో మనం ఏం మాట్లాడుకుంటామో, మన గురించి వాళ్ళ భాషలో వాళ్ళు అదే మాట్లాడుకోగలరు.

కాబట్టి జాగ్రత్త చెప్పడం ఎప్పుడు ధర్మం అన్న ప్రశ్నకు నా జవాబు ఇది. చెప్పినవాడు ఆ మాట వెనుక నిలబడగలిగినప్పుడే. నిలబడటమంటే, నేను నా కళ్ళతో చూసింది మాత్రమే చెప్పాలి. బాగుచేయగలిగినవాళ్ళకు చెప్పాలి. ఎవరికి అవసరమో వాళ్ళకు చేరిందా అని చూడాలి. పని అయ్యేదాకా విడవకూడదు. మాట తప్పైతే నా పేరుతో నేనే దిద్దుకోవాలి. ఇవేవీ చేయనప్పుడు ‘జాగ్రత్త’ అనేది వట్టి చప్పుడు, ఒక్కోసారి రాయి.

నేను మా తరగతి గ్రూపులో ‘నేను పంపింది నిజం కాదు, ఆ వాక్యం నేనే కల్పించాను, తప్పైంది’ అని రాశాను. మొదటి సందేశాన్ని చాలామంది ముందుకు పంపారు, దీన్ని ఒక్కరూ పంపలేదు. అందుకే ఇక్కడ, అమ్మానాన్నలూ టీచర్లూ చదివే మన పత్రికలో మళ్ళీ రాస్తున్నాను. అవ్వకు కూడా నిజం చెప్పాను. తిట్టలేదు, చాలాసేపు మాట్లాడలేదు, అంతే. పూలక్క చేతికి కట్టు ఉన్న నెలరోజులూ అమ్మా నేనూ సాయంత్రాలు ఆమె ఇంటికి వెళ్ళి పూలు కట్టాం. నేను కట్టిన మూరలు వదులుగా వచ్చేవి, ఆమె నవ్వి ఎడమ చేత్తో సర్దేది.

వెంట్రుకలాయనకు మాత్రం ఏమీ చేయలేకపోయాను. ఆయన పేరు తెలియదు, ఊరు తెలియదు. మా అవ్వ ఇప్పటికీ తల దువ్వుకున్నాక వెంట్రుకలు ఉండ చుట్టి, గోడ మేకుకు తగిలించిన కవర్లో వేస్తుంది. ఆ కవరు నిండిపోయింది. ఆయన మళ్ళీ మా వీధికి రాలేదు.